పంటలు రెండు – నష్టం ఒక్కటే!

"ఒకే పంటను నమ్ముకొని రైతు చెడిపోతున్నాడు" అన్న మాట సభల్లోనూ, పత్రికల్లోనూ, ఆఖరికి మన హాస్టలు గదుల్లోనూ వినబడుతూనే ఉంటుంది. జనగామ మెట్టల్లో పత్తి, మానుకోట చెలకల్లో మిరప వేసి నష్టపోయినవాళ్ళను చూసి "అత్యాశ" అని తేల్చేసేవాళ్ళూ ఉన్నారు. సైన్సు విద్యార్థిగా, రైతు బిడ్డగా ఈ తీర్పును నేను ఒప్పుకోలేను.

1952లో హారీ మార్కోవిట్జ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పెట్టుబడిని ఎలా పంచాలో గణితంతో నిరూపించాడు. 1990లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పలు రకాలు కొంటే చాలదు, అవి ఎంతగా కలిసి లేస్తాయో, కలిసి పడతాయో చూడమన్నాడాయన. సమానమైన ఒడిదుడుకులున్న రెండింటిలో సగం సగం పెడితే, వాటి మధ్య సంబంధం లేనప్పుడు ప్రామాణిక విచలనం సుమారు 71 శాతానికి దిగుతుంది. రెండూ పూర్తిగా కలిసి నడిస్తే రవ్వంత కూడా తగ్గదు!

ఇక మన ఊళ్ళకు రండి. పత్తికీ మిరపకూ వాన ఒక్కటే, బోరు ఒక్కటే, మందుల ఉద్దెర ఒక్కటే. 1997-98లో వరంగల్లు జిల్లాలో పురుగు పత్తిని తినేసినప్పుడు అప్పులపాలై ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో తామరపురుగు మిరపను ఊడ్చేసింది. "జొన్న సాళ్ళల్ల కంది పెట్టుకుంటె ఒకటి పోయినా ఒకటి చేతికొస్తది" అనేవాడు మా తాత. నిజమే. కాని ఆ పంటతో కడుపు నిండుతుందేగాని అప్పు తీరదు, ఫీజు కట్టలేము.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975 నుండి అప్పటి పాలమూరు జిల్లా ఔరేపల్లి వంటి గ్రామాల్లో ఇంటింటి లెక్కలు రాసింది. ఆ సర్వేల ఆధారంగా 1993లో రోజెన్‌జ్వైగ్, బిన్‌స్వాంగర్ తేల్చినదేమిటి? వాన ఎంత నమ్మరానిదైతే పేద రైతు అంత భద్రమైన, అంత తక్కువ లాభమిచ్చే దారికి మళ్ళుతాడు. ఉన్నవాడు పెద్దగా మారడు. అంటే భద్రతకు ఎక్కువ ధర చెల్లించేది పేదవాడే!

అందరికీ ఒకేసారి వచ్చే నష్టభయం ఎంత పంచినా పోదని, దాన్ని మోసేవాడికే ప్రతిఫలం దక్కుతుందని 1964లో విలియం షార్ప్ రాశాడు. మన కరువు అటువంటిదే. ఊరంతా ఎండితే ఎవరు ఎవరికి బదులిస్తారు? ఆ భారాన్ని ఊరి బయట, దేశమంతటా పంచాలి. బీమా అంటే అదే. అటువంటి ఫసల్ బీమాను మన రాష్ట్రం 2020లో ఆపింది. షేర్లు కొన్నవాడికి వర్తించే న్యాయం రైతుకు వర్తించదా?

ఇప్పుడు మన తల్లిదండ్రులు వానతో సంబంధం లేని పంట వెతుకుతున్నారు. ఒకరికి అది భూపాలపల్లిలో సింగరేణి కొలువు, ఇంకొకరికి కాలేజీకి పంపిన బిడ్డ. మనలో చాలామందిమి ఆ పంటలమే. మిత్రులారా! ఈ సెలవుల్లో ఎవరి ఊళ్ళో వాళ్ళం పది ఇళ్ళ అయిదేళ్ళ పంట లెక్కలు రాసుకొద్దాం. అధ్యాపకులు వాటిని గణించడం నేర్పాలి. రైతును నిందించేముందు మనం చేయవలసిన కనీసపు పని ఇది.