వాసనకు తగిన మాట

స్కాట్లండు పశ్చిమ తీరమునకు చేరువగా ఐలా అను ద్వీపము కలదు. అచ్చటి విస్కీ పొగవాసనకు ప్రసిద్ధి. దానిని పరీక్షించు నిపుణుడు గుటక వేయుటకు తొందరపడడు. మూతి సన్నని గాజుపాత్రలో కొద్దిగా పోసి, నీరు కలిపి, మొదట వాసన చూచును. పిదప దానికి తగిన మాట వెదకును. మద్యమును మెచ్చుకొనుట ఇచ్చటి ఉద్దేశము కాదు. ఆ మాటను వెదకుటలో భాష నేర్పువారును, నేర్చువారును గమనింపదగిన విషయమొకటి కలదు.

ఆ పొగ నేలలోనుండి వచ్చినది. నీరు నిలిచిన చిత్తడి నేలలలో నాచు మొదలగు మొక్కలు పూర్తిగా కుళ్ళక పొరలు పొరలుగా పేరుకొని ‘పీట్’ అగును. అది ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగును. అనగా మీటరు మందమునకు దాదాపు 1000 సంవత్సరములు పట్టును. ఆ మట్టిని గడ్డలుగా కోసి, ఎండబెట్టి, మొలకెత్తించిన బార్లీగింజలను ఆరబెట్టునపుడు మండింతురు. పొగలోని ఫినాల్ జాతి ద్రవ్యములు గింజను పట్టుకొని, బట్టీలో మరగిన పిదప కూడ వీడక పానీయమున చేరును. వానిలో గ్వయకాల్ పొగవాసన నిచ్చును. క్రెసాల్ ఆసుపత్రిని తలపించును.

ఒకే బట్టీలో, మొలకెత్తించిన బార్లీతోనే చేసినది సింగిల్ మాల్ట్. స్కాచ్ అనిపించుకొనుటకు అది ఓక్ పీపాలో కనీసము 3 సంవత్సరములు ఉండవలెనని శాసనము. లేతదానిలో పొగ ఘాటుగా నిలుచును. ఏండ్లు గడచిన కొలది ఆ ఘాటు తగ్గి, కొయ్య గుణములు పైకి వచ్చును. కనుక ప్రాతదే మేలను లోకోక్తి ఇచ్చట పూర్తిగా చెల్లదు. ఐలాలోని ఆర్డ్‌బెగ్ బట్టీవారు 1998లో తీసిన సరుకును 2004లో ‘మిక్కిలి లేత’ అనియు, 2006లో ‘ఇంకను లేత’ అనియు, 2007లో ‘ఇంచుమించు చేరినట్లే’ అనియు అర్థమిచ్చు పేర్లతో విడుదల చేసిరి. 2008లో వచ్చినదానికి ‘పునరుజ్జీవనము’ అని పేరు. ఒకే యేటి సరుకు ఎట్లు ఎదుగునో రుచి చూచి పోల్చుటకు ఈ వరుస వీలు కల్పించినది.

పోల్చుటకు మాటలు కావలెను. లేత మాల్టును పరీక్షించినవారు ఆరిన నెగడు, తారు, ఉప్పుగాలి, అయొడిన్, పచ్చిగింజ అని వ్రాసికొందురు. ఈ మాటలలో పొగడ్త లేదు, తెగడ్తయు లేదు. ‘బాగున్నది’, ‘బాగులేదు’ అనుటతో సరిపెట్టుకొన్నచో ఒకరి అనుభవము మరియొకరికి అందదు. అందుచేతనే 1970 దశకపు చివర స్కాట్లండు పరిశోధకులు విస్కీ వాసనలను ఒక చక్రముగా అమర్చి, వానికి పేర్లు కుదిర్చిరి. కాలిన వాసన వేరు, మందుల వాసన వేరు. పేరు వేరైనచో కారణమును వేరుగా వెదకవచ్చును.

తెలుగున ఈ సంపదకు కొరత లేదు. అడుగంటిన అన్నమునకు మాడు వాసన, కాలిన నూనెకు కమురు వాసన, చేపకు నీచు వాసన, నలిపిన ఆకునకు పసరు వాసన, నిలువయున్న బియ్యమునకు ముక్క వాసన. రుచిలోనైనను వగరు వేరు, కసరు వేరు. అయినను బడిపిల్లల వ్యాసములలో సువాసన, దుర్వాసన అను రెండు మాటలే తరచుగా కనబడును. కట్టెల పొయ్యి మీది పాలకు పట్టిన పొగవాసన నేటి పిల్లలలో అనేకులు ఎరుగరు. వాసన ఎరుగనివారికి దాని మాట పట్టుబడదు. మాట పోయిన పిదప మిగిలిన వాసనలను వేరుపరచు శక్తియు సన్నగిల్లును.

దీనికి విస్కీ అక్కరలేదు. కరివేపాకు, తొలకరికి తడిసిన నేల, క్రొత్త పుస్తకము, ఊరిన ఆవకాయ చాలును. వీనిలో ఒకదానిని వాసన చూపి, ‘బాగున్నది’ అను మాట వాడకుండ అయిదు వాక్యములు వ్రాయుమని ఉపాధ్యాయులు కోరవచ్చును. మాట దొరకనిచో పిల్లలు ఇంటికి పోయి అవ్వనడుగుదురు. నిఘంటువు కంటె ముందు తెరువవలసిన పుటలు అచ్చట నున్నవి.