ఒక్క బోల్టే కదా అనుకోవద్దు!

వరికోతల వేళ ట్రాలీ చక్రానికి ఒక స్టడ్ విరిగితే, మిగతావి ఉన్నాయిలే అని ధాన్యం లోడు ఎత్తేస్తున్నాం. దాని బరువు మిగతావాటిపై పడి అవీ తెగుతాయి. నడిరోడ్డుపై చక్రం ఊడితే పోయేవి మనుషుల ప్రాణాలు.

ఇది ఇంటి దగ్గరే చేసుకోగల పని. లోడు దించి, గట్టి నేలపై మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. నట్లు వదులు చేశాకే జాకీతో లేపి, కింద మొద్దు పెట్టాలి. విరిగినదాంతో పాటు దాని పక్క స్టడ్లనూ అదే సైజువి కొత్తవి వేయాలి. నట్లను ఎదురెదురుగా బిగించి, కొంత దూరం నడిపాక మళ్లీ బిగించాలి. హబ్ రంధ్రం అరిగితే మాత్రం మెకానిక్ చూడాల్సిందే.

తప్పు రైతుది మాత్రమే కాదు. సీజన్లో రిపేరుకు మండల కేంద్రానికి పోతే రోజు కూలి పోతుంది. ప్రతి కస్టమ్ హైరింగ్ సెంటర్లో పానాలు, స్టడ్లు, శిక్షణ ఉండాలని ప్రభుత్వాన్ని నిలదీద్దాం.