బైపీసీ వాళ్లు విమానం నడపకూడదా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే మన ఇళ్లలో పిల్లల గ్రూపు ఖాయమైపోతుంది. ఇంజనీరింగా, మెడిసినా, సీఏనా అన్న లెక్క మీదే ఆ నిర్ణయం జరుగుతుంది. పైలట్ సంగతి ఎవరి ఊహలోనూ ఉండదు. కానీ అది కూడా ఆ రోజే తేలిపోతుంది. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలంటే ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ పాసై ఉండాలి. ఎంపీసీ వాళ్లకు బెంగ లేదు. బైపీసీలో ఫిజిక్స్ ఉన్నా మ్యాథ్స్ లేదు. ఎంఈసీలో మ్యాథ్స్ ఉన్నా ఫిజిక్స్ లేదు. సీఈసీ, హెచ్‌ఈసీ వాళ్లకు రెండూ లేవు.

ఈ నిబంధన మొదటినుంచీ ఉన్నదేమీ కాదు. 1990ల మధ్య వరకు పదో తరగతి పాసైతే సరిపోయేది. అప్పట్లో అలా చేరినవాళ్లు కెప్టెన్లై మనల్ని దశాబ్దాల పాటు క్షేమంగానే గమ్యం చేర్చారు. 2025లో పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, ఈ షరతు ఎత్తేసే ఆలోచనలో ఉందన్న వార్తలు రావడంతో వాదన మళ్లీ రాజుకుంది. విమానయాన సంస్థలు కొత్తవాళ్లకు శిక్షణ ఇప్పించి పైలట్లుగా తీసుకోవడానికి నడిపే క్యాడెట్ పైలట్ పథకాలకు ఈ షరతే పునాది. దాని మీద ఒక్కో సంస్థ తన సొంత షరతులు పేర్చుకుంటుంది: ఇంటర్‌లో ఇన్ని మార్కులు, ఇంత లోపు వయసు, క్లాస్ 1 మెడికల్, ఇంగ్లీషు, ఆ పైన కంప్యూటర్ ముందు ఆప్టిట్యూడ్ పరీక్ష, గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ.

ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాల్సిందే అనేవాళ్ల మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. విమానాన్ని 60 డిగ్రీలు పక్కకు వంచి, ఎత్తు తగ్గకుండా తిప్పితే రెక్కల మీద భారం రెట్టింపవుతుంది. దాంతో స్టాల్ అయ్యే వేగం, అంటే రెక్కలు ఇక విమానాన్ని మోయలేని వేగం, దాదాపు 41 శాతం పెరుగుతుంది. అంతవరకు సురక్షితమనుకున్న వేగం ఆ మలుపులో సురక్షితం కాదు. మే నెల మధ్యాహ్నం గాలి వేడెక్కి పలచబడితే అదే రన్‌వే మీద అదే విమానానికి టేకాఫ్ దూరం పెరుగుతుంది. పక్కగాలిలో ముక్కు ఎటు తిప్పి పెట్టాలన్నది వెక్టర్ల లెక్క. ఇవన్నీ బట్టీ పట్టినవాడికి అంకెలు గుర్తుండొచ్చు. కంప్యూటర్‌లో ఎవరో తప్పు బరువు నొక్కి, తెర మీద తప్పు వేగం కనబడినప్పుడు "ఇదేంటి, ఇలా ఉండకూడదే" అన్న అనుమానం మాత్రం రాదు. ఆ అనుమానం రావాలంటే చిన్నప్పటినుంచి ఆ లెక్కలతో కాస్త సాంగత్యం ఉండాలి.

రెండోవైపు వాళ్లు కాక్‌పిట్‌లో నిజంగా జరిగే లెక్కలు చూడమంటారు. 30,000 అడుగుల నుంచి కిందికి దిగడం ఎక్కడ మొదలుపెట్టాలి? వేల అడుగుల్ని మూడుతో హెచ్చవేస్తే 90 నాటికల్ మైళ్లు. నేల మీద వేగం 140 నాట్లుంటే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలి? అందులో సగాన్ని పదితో హెచ్చవేస్తే 700. దారి ఒక డిగ్రీ తప్పితే 60 మైళ్లు పోయేసరికి ఒక మైలు పక్కకు జరుగుతాం. ఇదంతా నోటి లెక్క. కావలసింది వేగం, తొట్రుపాటు లేకపోవడం. ఇంటిగ్రల్ కాలిక్యులస్‌తో పని లేదు. ఇందాకటి 60 డిగ్రీల మలుపులో దాక్కున్న కాస్ 60 కూడా పదో తరగతి త్రికోణమితిలోనే ఉంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనలు పైలట్‌కు ఏం తెలియాలో చెబుతాయి గానీ బడిలో ఏ సబ్జెక్టు చదవాలో చెప్పవు. అమెరికాలో కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండి, ఇంగ్లీషు చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చి, ఆపైన ఫ్లయింగ్ శిక్షణ, గంటలు పూర్తిచేసి, రాతపరీక్ష, ఫ్లయింగ్ పరీక్ష నెగ్గాలి తప్ప బడిలో ఫలానా సబ్జెక్టు చదివి ఉండాలన్న షరతు లేదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2023లో మొదలుపెట్టిన స్పీడ్‌బర్డ్ పథకంలో గణితం, ఇంగ్లీషు, ఒక సైన్సు కలిపి ఆరు జీసీఎస్‌ఈలు అడిగారు. జీసీఎస్‌ఈ అంటే అక్కడి పిల్లలు పదహారో ఏట రాసే పరీక్ష, ఇంచుమించు మన పదో తరగతి.

నా మొగ్గు ఈ రెండోవైపుకే. అయితే కారణం వేరు. ఇంటర్ మెమో దేన్ని రుజువు చేస్తుందని మనం అనుకుంటున్నామో దాన్ని అది రుజువు చేయడం లేదు. ఫిజిక్స్‌లో 60కి 58 తెచ్చుకున్న పిల్లవాడు గాలి పలచబడితే ఏమవుతుందో చెప్పలేకపోవడం మన కార్పొరేట్ కాలేజీల్లో వింతేమీ కాదు. పైగా ఈ నిబంధనకు పక్కదారి ఎప్పుడో పడింది. కామర్స్ చదివి పైలట్ కావాలనుకున్నవాళ్లు ఓపెన్ స్కూల్లో ఫిజిక్స్, మ్యాథ్స్ పేపర్లు రాసి సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. డీజీసీఏ కూడా దాన్ని ఒప్పుకుంటోంది. ఒక ఏడాది, కొంత డబ్బు పోతాయి, కాగితం వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 నుంచి బైపీసీ పిల్లలు మ్యాథ్స్ కూడా కలిపి చదువుకునే ఎంబైపీసీ వచ్చింది కాబట్టి అక్కడ కొందరికైనా ఈ తిప్పలు తగ్గుతాయి.

అలాగని షరతు ఎత్తేస్తే నష్టమే ఉండదనడం కూడా సరికాదు. లైసెన్సుకు ముందు డీజీసీఏ పేపర్లున్నాయి: ఎయిర్ నావిగేషన్, వాతావరణ శాస్త్రం, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్. ఒక్కోదానిలో 70 శాతం వస్తేనే పాసు. ఫీజు కట్టి, విమానం ఎక్కి, ఫ్లయింగ్ గంటల్లో సగం పూర్తిచేసి నావిగేషన్ పేపర్ దగ్గర ఏళ్ల తరబడి ఇరుక్కుపోయేవాళ్లుంటారు. లెక్కల పునాది లేనివాళ్లను ఈ దారిలోకి రానివ్వకపోవడం వాళ్ల తల్లిదండ్రుల డబ్బును కాపాడడమే అనే వాదన ఉంది. ఇందులో పెద్దరికం కొంచెం ఎక్కువే అయినా పూర్తిగా అన్యాయమైన మాట కాదు. దీనికి ఒక మందుంది. ఆ పేపర్లను ఎవరైనా, ఏ గ్రూపువాళ్లైనా రాసుకోనివ్వాలి. పాసైన తర్వాతే ఫ్లయింగ్ ఫీజు కట్టించుకోవాలి. ఇప్పుడు ఎంపీసీ వాళ్లు విమానం ముట్టుకోకముందే ఈ పరీక్షలు రాసేయవచ్చు. చాలామంది ఢిల్లీ ద్వారకాలోని గ్రౌండ్ క్లాసుల్లో చేరి చేస్తున్న పని అదే. మిగతావాళ్లకు ఈ పరీక్షలు రాయడానికి కావలసిన కంప్యూటర్ నంబరే డీజీసీఏ ఇవ్వదు. పాత ప్రశ్నల కట్టలు బట్టీ పట్టి పాసయ్యే జబ్బు అక్కడా ఉంది, కాదనను. ఆ జబ్బుకు వైద్యం చేయాల్సింది ప్రశ్నపత్రంలో. పదిహేనేళ్ల వయసులో తీసుకున్న గ్రూపును పట్టుకుని చేసేది కాదు.

వైద్య పరీక్ష మీద పెద్ద వాదన అక్కర్లేదు. అది గట్టిగానే ఉండాలి. అద్దాలుంటే పైలట్ కాలేరన్నది మాత్రం అపోహ. అద్దాలతో చూపు సరిపోతే అర్హత ఉంటుంది. డబ్బు కట్టకముందే ఆ పరీక్ష చేయించుకోవడం తెలివైన పని.

ఇంగ్లీషు సంగతి కాస్త చిక్కు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్థాన్ విమానం గాల్లో ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ సిబ్బందికి ఇంగ్లీషు అంతంతమాత్రం కావడం విచారణలో బయటపడిన కారణాల్లో ఒకటి. అంతర్జాతీయంగా ఆరు మెట్ల భాషా ప్రమాణం పెట్టి, నాలుగో మెట్టు తప్పనిసరి చేయడం వెనుక ఇలాంటి ప్రమాదాలున్నాయి. కాబట్టి తెలుగు మీడియం పిల్లలకు అన్యాయం జరుగుతోందని చెప్పి ఈ షరతు సడలించమని అడగలేను. కానీ రేడియోలో కంట్రోలర్ మాట విని, పొల్లు పోకుండా తిరిగి చెప్పే ఇంగ్లీషు ఒకటి. ఎంపిక రోజున ఎనిమిదిమంది మధ్య గొంతు పెంచి, నవ్వుతూ చర్చను తనవైపు తిప్పుకునే ఇంగ్లీషు ఇంకొకటి. మొదటిదాన్ని శిక్షణలో నేర్పవచ్చు, కొలవవచ్చు. రెండోది చాలావరకు చదివిన బడినీ పెరిగిన ఇంటినీ కొలుస్తుంది. ఇద్దరు కలిసి పనిచేసే కాక్‌పిట్‌లో మాట కలపడం అవసరమే, ఆ మేరకు సంస్థల వాదన నిజం. దాన్ని చూడడానికి గ్రూప్ డిస్కషన్ కన్నా మెరుగైన పద్ధతులున్నాయి. ఇద్దరికి కలిపి ఒక పని అప్పగించి, ఒకరి పొరపాటును మరొకరు ఎలా సరిదిద్దుతారో చూస్తే చాలు.

ఆప్టిట్యూడ్ పరీక్షలను నేను సమర్థిస్తాను. ఒక చేత్తో తెర మీది గీతను తిన్నగా నిలబెడుతూ, చెవిలో వచ్చే అంకెల్ని గుర్తుపెట్టుకుంటూ, మధ్యలో లెక్క చెప్పగలడా అన్నదానికి మెమోలో జవాబు ఉండదు. లుఫ్తాన్సా తన అభ్యర్థులను దశాబ్దాలుగా హాంబర్గ్‌లోని జర్మన్ అంతరిక్ష పరిశోధన సంస్థలో ఇలాగే వడపోయిస్తోంది. ఎంత గట్టి వడపోతకైనా హద్దు ఉంటుంది. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కావాలనే ఆల్ప్స్ కొండలకు గుద్ది 150 మంది చావుకు కారణమైన కో-పైలట్ లుఫ్తాన్సా సొంత స్కూల్లో చదివినవాడే. మానసిక కుంగుబాటుతో శిక్షణ మధ్యలో ఆపి, తర్వాత మళ్లీ కొనసాగించాడు. ప్రవేశం దగ్గర ఎన్ని షరతులు పెట్టినా చేరిన తర్వాత మనిషిని గమనించుకోవడం ఆగకూడదని యూరప్ నియమాలు మార్చుకుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ కాగితం మీద రాసిన షరతులు. రాయని షరతు డబ్బు. మన దేశంలో విమానయాన సంస్థల పేరుతో నడిచే క్యాడెట్ పథకాల్లో ఖర్చు దాదాపు అంతా కుటుంబమే పెట్టుకుంటుంది. ఫ్లయింగ్, ఒక రకం విమానం నడపడానికి కావలసిన టైప్ రేటింగ్ అన్నీ కలిపి కోటి రూపాయలు, కొన్నిచోట్ల అంతకు మించి. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతుంది. పొలమో ఇల్లో లేనివాడికి మ్యాథ్స్‌లో నూటికి నూరొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీలో పనిచేసే తండ్రికి పుట్టిన సయ్యదా సల్వా ఫాతిమా పైలట్ అయ్యిందంటే, ముందు సియాసత్ ఉర్దూ పత్రిక సంపాదకుడు, ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం చెయ్యి అందించబట్టే. అలాంటి కథ పత్రికలకెక్కిందంటే అది ఎంత అరుదో తెలుస్తూనే ఉంది.

స్పీడ్‌బర్డ్ పథకంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఒక్కో అభ్యర్థి మీద లక్ష పౌండ్ల దాకా తానే ఖర్చు పెడుతుంది. సొంత డబ్బు పెట్టిన సంస్థ కొద్దిమందినే తీసుకుంటుంది, చాలా కఠినంగా ఎంచుకుంటుంది. నాకు అందులో తప్పు కనిపించదు. నష్టం భరించేవాడికి వడపోసే హక్కు ఉంటుంది. కుటుంబం డబ్బుతో నడిచే పథకంలో సంస్థ మీద అంత ఒత్తిడి ఉండదు. సంస్థల వైపు నుంచి కూడా చూడాలి. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. అన్నిటికీ పైలట్లు కావాలి. ఒక్కొక్కరి మీద కోటి పెట్టుబడి పెడితే, శిక్షణ కాగానే పక్క సంస్థ ఎగరేసుకుపోతుందన్న భయం ఉంటుంది. అందుకు బాండ్లు రాయించుకోవచ్చు, రాయించుకుంటున్నాయి కూడా. కానీ ఉద్యోగి వెళ్లిపోతే కోర్టుల చుట్టూ తిరగడం ఎవరికీ ఇష్టం ఉండదు. మహారాష్ట్రలోని అమరావతిలో ఏటా 180 మందికి శిక్షణ ఇచ్చేలా ఎయిర్ ఇండియా సొంత స్కూలు తలపెట్టడం మంచి అడుగే. అక్కడ ఫీజు ఎవరు కడతారన్నదాన్ని బట్టే దాని అసలు విలువ తేలుతుంది.

ఇక ఉద్యోగం హామీ. అది దాదాపు ఎప్పుడూ షరతులతోనే ఉంటుంది: ఖాళీలుంటే, సంస్థ అవసరాన్ని బట్టి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశీయ విమానాలే ఎగరలేదు. 2023 మే నెలలో గో ఫస్ట్ మూతపడింది. అలాంటి ఏడాది శిక్షణ పూర్తిచేసుకున్న పిల్లల ఇళ్లకు కూడా వాయిదాల నోటీసు తేదీ తప్పకుండా వస్తుంది.

2025 అక్టోబరు నుంచి డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. విమానయాన సంస్థల పేరుతో నడిచే క్యాడెట్ పథకాలనూ అలాగే లెక్క చెప్పమని అడగవచ్చు. ఒక్కో బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు, లైసెన్సు చేతికొచ్చాక కో-పైలట్ సీట్లో కూర్చోవడానికి ఎన్ని నెలలు పట్టింది, కూర్చోనివాళ్లు ఎందరు. ఈ నాలుగు అంకెలూ దరఖాస్తు ఫారం మొదటి పేజీలో, అర్హతల పట్టిక కంటే పైన అచ్చువేయాలి. అప్పుడు బైపీసీ పిల్ల తండ్రైనా, ఎంపీసీ పిల్లాడి తండ్రైనా పొలం కాగితాలు బ్యాంకుకు తీసుకెళ్లే ముందు చూసుకుంటాడు.