త్రాగునీరు - తెలిసికొను హక్కు

1898వ సంవత్సరమున బెంగుళూరు నగరమున ప్లేగు ప్రబలినది. పేటలోని ఇరుకు వీధులు, మురుగు, గాలి చొరని ఇండ్లు ఆ వ్యాధికి ఆటపట్టులైనవి. పిమ్మట జనులు విశాలమైన వీధులు గల బసవనగుడి, మల్లేశ్వరములకు తరలిరి. ఆరోగ్యము ఔషధమునందే గాక వీధియందును, కాలువయందును కలదని నగరము నాడే నేర్చినది.

ఆ పాఠమును మనము మరచితిమి. శుద్ధిచేయని మురుగునీరు చేరి బెళ్లందూరు చెరువు నురుగు వీధులకెక్కినది. 2015లోను, 2017లోను చెరువుపై మంటలు లేచినవి. చెరువు ఒక్కనాటితో చెడదు. ఏ కాలువ ఎచ్చట కలియుచున్నదో, ఏ ధనము దేనికి వ్యయమైనదో ప్రజలడుగక, పాలకులు చెప్పక గడచిన యేండ్ల ఫలమది.

అడుగుటకు 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము మార్గము చూపినది. సామాన్యముగా 30 దినములలో సమాధానమీయవలెను. అర్జీ ఇంగ్లీషున గాని, హిందీయందు గాని, ఆ ప్రాంతపు అధికార భాషయందు గాని ఉండవలెను. తెలుగు మాత్రమే చదువనేర్చిన తల్లిదండ్రులు ఇచ్చటనే జంకుట మేమెరుగుదుము. వ్రాయలేనివారు నోట చెప్పినచో వ్రాతలో పెట్టుటకు అధికారి తోడ్పడవలెనని చట్టమే చెప్పుచున్నది. కాని ఆ సంగతి ఎరిగినవారెందరు?

విద్యార్థులారా! మీరు తెలుగుతోపాటు కన్నడమును నేర్చుచున్నారు. మీ వీధి కుళాయినీటి పరీక్షాఫలితము తెలుపుడని మీ అమ్మగారి పేర ఒక అర్జీ వ్రాసిపెట్టుడు. తల్లిదండ్రులారా! సంకోచింపక సంతకము చేయుడు. అడుగుట కలహించుట కాదు. కన్నడమున అర్జీ వ్రాసినంతమాత్రమున మన తెలుగు తరుగదు. మన యింటి మాట పాలకుల చెవినిబడును.