ఇల్లు కొనేముందు నేల కింది పైపునూ చూడాలి

ఇల్లు కొనేవారు లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తారు, ఈసీ తీయిస్తారు, వాస్తు అడుగుతారు, గోడల్లో పగుళ్లు వెతుకుతారు. ఆ ఇంటి మురుగునీరు ఏ పైపులోంచి పోతుందో, ఆ పైపు ఏ స్థితిలో ఉందో మాత్రం దాదాపు ఎవరూ అడగరు. ఫ్లష్ నొక్కితే నీళ్లు పోయాయా లేదా అన్నదే పరీక్ష. ఖాళీ ఇంట్లో ఒక బకెట్ నీళ్లు సగం పూడిన పైపులోంచి కూడా పోతాయి. కుటుంబం దిగాక, రెండు బాత్‌రూములూ వాషింగ్ మెషీనూ ఒకేసారి నడిచిన రోజున అసలు సంగతి బయటపడుతుంది.

ఇంటి మురుగు పైపులో మోటారు ఉండదు. నీటిని నడిపేది వాలు ఒక్కటే. వాలు సరిగా ఉంటే ప్రవాహం సెకనుకు సుమారు 0.6 మీటర్లు, అంతకు మించిన వేగంతో సాగి మలినాలను తనతో ఈడ్చుకుపోతుంది. పైపు కింది మట్టిని గట్టిగా దిమ్మిస కొట్టకపోతే అది మధ్యలో కుంగుతుంది. అక్కడ నీరు నిలిచి, వంటింటి జిడ్డు, మడ్డి పేరుకుంటాయి. పాత ఇళ్లలో వేసిన స్టోన్‌వేర్ గొట్టాలకు అతుకులే బలహీన స్థానాలు. అతుకు పగిలితే ఆ తేమ దొరికిన చోట రావి, మర్రి వంటి చెట్ల వేళ్లు లోపలికి చొరబడి జల్లెడలా అడ్డుపడతాయి.

పగులు వల్ల మురుగు బయటికీ కారుతుంది. హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్ల ముందు మంచినీటి సంపు, డ్రైనేజీ ఛాంబర్ కొద్ది అడుగుల తేడాతోనే ఉంటాయి. పైగా నీటిని కొన్ని గంటలే వదిలే ఊళ్లలో, సరఫరా ఆగినప్పుడు మంచినీటి పైపులో పీడనం పడిపోతుంది. అప్పుడు చుట్టూ ఉన్న మురుగు పగుళ్ల గుండా అందులోకి చేరగలదు. టైఫాయిడ్, కలరా, హెపటైటిస్ వంటి జబ్బులకు ఇదొక దారి.

ఈ లోపాలను తవ్వకుండానే చూపే సాధనం పైపు కెమెరా. వంగుతూనే ముందుకు సాగే ఫైబర్‌గ్లాస్ కడ్డీ చివర నీరు చొరని కెమెరా, దాని చుట్టూ ఎల్ఈడీ దీపాలు ఉంటాయి. ఛాంబర్‌లోంచి తోసుకుంటూ పోతే లోపలి దృశ్యం, వెళ్లిన దూరం తెరపై కనిపిస్తాయి. కెమెరా తలలోని చిన్న ట్రాన్స్‌మీటర్ సాధారణంగా 512 హెర్ట్జ్ సంకేతాన్ని పంపుతుంది. రిసీవర్ పట్టుకుని పైన నడిస్తే లోపం ఏ బండ కింద, ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. వాకిలంతా పగలగొట్టాల్సిన పని ఒక గుంతతో తీరుతుంది.

అమెరికాలో ఇల్లు కొనేముందు చాలామంది ఈ పరీక్ష చేయిస్తారు. అక్కడ ఇంటి నుంచి వీధి లైను దాకా ఉన్న పైపు బాధ్యత సాధారణంగా యజమానిదే. మన దగ్గర ఇలాంటి కెమెరాలు నగరపాలక సంస్థల పనుల్లో కనిపిస్తాయి కానీ, ఇళ్ల కొనుగోలులో అరుదు.

కొత్త ఫ్లాటుకు ఇదెందుకని అనిపించవచ్చు. కొత్త పైపుల్లోనే సిమెంటు ముద్దలు, టైల్స్ ముక్కలు, తిరగబడిన వాలు దొరుకుతాయి. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపాలు చూపిస్తే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. నేల కింది లోపాన్ని చూపించాలంటే వీడియోను మించిన సాక్ష్యం లేదు. గడువు దాటాక పైపు పొంగితే ఖర్చు కొన్నవారిదే. పాత ఇల్లు కొన్నవారికి ఆ గడువు రక్షణ కూడా ఉండదు కాబట్టి వారికి ఈ పరీక్ష మరింత అవసరం.

కెమెరాకూ పరిమితులున్నాయి. అది పైపు లోపలి గోడనే చూస్తుంది, బయట మట్టి కొట్టుకుపోయిన ఖాళీని చూడలేదు. నీరు నిలిచిన చోట దృశ్యం మసకబారుతుంది. ముందుగా పైపును జెట్టింగ్‌తో కడగాలి. ఛాంబర్ మూతలపై టైల్స్ వేసేసిన ఇంట్లో అసలు దింపడానికే దారి ఉండదు. అమ్మేవారు ఆ మూతలు తెరిచి చూపలేకపోతే, అది కూడా కొనేవారు గమనించాల్సిన విషయమే.

డబ్బును మించిన కారణం ఇంకొకటి ఉంది. కనిపెట్టని లోపం చివరికి ఒక మనిషిని పిలిపిస్తుంది. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని మురుగు కాలువలోకో, సెప్టిక్ ట్యాంకులోకో దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ నిషేధం ఇంటి యజమానికీ వర్తిస్తుంది. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. పరిహారం పెరిగితే చాలదు, దిగే అవసరమే తగ్గాలి.

ఇందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇంటి రుణం ఇచ్చేముందు బ్యాంకులు విలువ కట్టించి నివేదిక తెప్పించుకుంటాయి. అందులో మురుగు లైను వీడియోను కూడా చేర్చవచ్చు. ఆ వీడియో చూశాకే మిగతా సొమ్ము చెల్లిస్తామని కొనేవారు అగ్రిమెంటులో ఒక షరతు రాయించుకోవచ్చు. లక్షలు పోసి కొనే ఆస్తిలో కంటికి కనపడని భాగానికి ఈపాటి జాగ్రత్త ఎక్కువేమీ కాదు.