గుట్టు గుట్టుగానే ఉండాలి!

వెబ్‌సైట్లో వివరాలన్నీ ఓపిగ్గా నింపి మీట నొక్కుతాం. ‘సర్వర్ ఎర్రర్’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఏమైందో చెప్పొచ్చుగా అని చిరాకు పడతాం. నిజానికి అలా ముక్తసరిగా చెప్పడమే మంచిది. అసలు సంగతి తెలియాల్సింది మనకు కాదు, దాన్ని బాగుచేసేవాళ్లకి!

ఉదాహరణకి జాంగోనే తీసుకోండి. వెబ్‌సైట్లు తయారుచేయడానికి వాడే ఫ్రేమ్‌వర్క్ ఇది. పుట్టింది ఓ పత్రికాఫీసులో! అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ‘లారెన్స్ జర్నల్-వరల్డ్’ పత్రిక వెబ్‌సైట్ల కోసం ఆడ్రియన్ హొలొవాటి, సైమన్ విలిసన్ 2003లో దీనికి శ్రీకారం చుట్టారు. 2005లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు.

ఇందులో ‘డీబగ్’ అని ఓ సెట్టింగ్ ఉంటుంది. సైటు తయారీలో ఉన్నప్పుడు దాన్ని ‘ట్రూ’ అని పెడతారు. తప్పు దొర్లితే చాలు... ఏ ఫైల్లో, ఏ లైన్లో దొర్లిందో తెరమీద పరిచేస్తుంది. ప్రోగ్రామర్‌కి అదో వరం. సైటు జనంలోకి వచ్చాక కూడా అలాగే వదిలేస్తే మాత్రం ఇంటి గుట్టు వీధిన పడ్డట్టే! అందుకే అప్పుడు ‘ఫాల్స్’ అని మార్చాలి. జనానికి పొడిపొడి సందేశం కనిపిస్తుంది. అడ్మిన్ల జాబితాలో ఉన్నవారికి పూర్తి వివరాలతో మెయిల్ వెళ్తుంది. ఆ జాబితా ఖాళీగా ఉంటే? మెయిల్ ఎవరికీ అందదు.

ఏం జరిగిందో ఎప్పటికప్పుడు రాసిపెట్టుకునే చిట్టానే లాగ్ అంటారు. అందులో కబుర్లకి అయిదు మెట్లు... డీబగ్, ఇన్ఫో, వార్నింగ్, ఎర్రర్, క్రిటికల్. ఏ మెట్టు నుంచి రాయాలో ప్రోగ్రామరే నిర్ణయిస్తారు. అన్నీ రాయిస్తే అసలు విషయం చెత్తలో కలిసిపోతుంది. మరీ పైమెట్టువే రాయిస్తే ప్రమాదం ముంచుకొచ్చేదాకా తెలియదు.

ఏం రాయకూడదన్నది అంతకన్నా ముఖ్యం. 2018 మేలో ట్విటర్ తన 33 కోట్లమంది వినియోగదారులకు పాస్‌వర్డ్ మార్చుకోమని సలహా ఇచ్చింది. హ్యాకర్లు చొరబడి కాదు. పాస్‌వర్డ్‌లను గుర్తుపట్టలేని రూపంలోకి మార్చకముందే, ఉన్నవున్నట్టు సొంత లాగ్‌లో రాసేసుకున్నందుకు! రహస్యంగా ఉంచాల్సిన వివరాలేవో ప్రోగ్రామర్ ముందే చెబితే, జాంగో తను పంపే ఎర్రర్ రిపోర్టులో వాటి స్థానంలో చుక్కగుర్తులు పెడుతుంది. అయితే ఆ చెప్పడం మాత్రం మరచిపోకూడదు.

మరి మనం చేయాల్సింది? ఎర్రర్ రాగానే తేదీ, సమయం, ఏం చేస్తుండగా వచ్చిందీ రాసుకోండి. లాగ్‌లో వెతికేవాళ్లకి అదే ఆధారం. డబ్బు కట్టేటప్పుడు వస్తే బ్యాంకు ఖాతా చూసుకున్నాకే మళ్లీ కట్టండి. తెరనిండా ఫైళ్ల పేర్లు, ప్రోగ్రాం లైన్లు కనిపిస్తే దాన్ని ఫొటో తీసి నలుగురికీ పంచకండి. సైటు నిర్వాహకులకు మాత్రమే చెప్పండి.