సుబ్రతో కప్పు ఫుట్‌బాల్‌లో మన హైస్కూళ్లు నెగ్గుకు రాగలవా?

అనంతపురం: దేశంలోని హైస్కూళ్ల మధ్య జరిగే సుబ్రతో కప్పు ఫుట్‌బాల్ పోటీలకు ఒక్కొక్క విభాగంలో రాష్ట్రం తరఫున ఒక్క పాఠశాల జట్టే వెళుతుంది. జిల్లాలోని మంచి ఆటగాళ్లందరినీ ఏరి కూర్చే అవకాశం ఇందులో లేదు. ఒకే బడిలో చదివే పిల్లలే జట్టు కావాలి. అందువల్లనే పల్లెటూరి జిల్లా పరిషత్తు హైస్కూలుకు కూడా ఢిల్లీ దాకా వెళ్లే దారి ఇందులో ఉంది. అయితే వెళ్లడం ఒక ఎత్తు, అక్కడ నిలవడం మరొక ఎత్తు.

ఈ పోటీలను వైమానిక దళం 1960లో ప్రారంభించింది. ఎయిర్ మార్షల్ సుబ్రతో ముఖర్జీ పేరు వీటికి పెట్టారు. 2025లో 64వ పోటీలు జరిగాయి. 17 ఏళ్లలోపు బాలురకు, బాలికలకు ఢిల్లీలోనూ, 15 ఏళ్లలోపు బాలురకు బెంగుళూరులోనూ పోటీలు పెట్టారు. రాష్ట్రాల జట్లే గాక కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ విద్యాలయాలు, సి.బి.ఎస్.ఇ. బడుల జట్లు కూడా బరిలో ఉంటాయి. బయటి దేశాల పాఠశాలలు సైతం వస్తుంటాయి.

ఎదురయ్యేది ఎవరు?

ముందుగా చెప్పుకోవలసింది ఈశాన్య రాష్ట్రాల గురించి. మణిపూర్ 2002-03లో, మిజోరాం 2014లో పెద్దల సంతోష్ ట్రోఫీని గెలుచుకున్నాయి. మేఘాలయ 2023లో ఫైనల్ దాకా వచ్చింది. అక్కడి పిల్లలు ఆకారంలో మన పిల్లలకంటె పెద్దవారేమీ కారు. బంతిని నేల మీదనే ఉంచి, దగ్గర దగ్గర పాస్‌లతో ముందుకు సాగడం వారి బలం.

రెండవది కేరళ. కోజికోడ్‌కు చెందిన ఫారూఖ్ హయ్యర్ సెకండరీ స్కూలు 2025లో 17 ఏళ్లలోపు బాలుర కప్పు గెలిచింది. ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చే కేరళకు కూడా ఈ కప్పు దక్కడం అదే మొదటిసారి కావడం గమనార్హం. కోత కోసిన పొలాల్లో రాత్రిపూట దీపాలు పెట్టి ఏడుగురేసి ఆడే ఆటకు మలప్పురం జిల్లా పెట్టింది పేరు. అటువంటి చోటనే ఇంత కాలం పట్టిందంటే పోటీ ఎంత గట్టిదో తెలుసుకోవచ్చు.

మూడవది జార్ఖండ్, ముఖ్యంగా బాలికల విభాగంలో. 2022లో బాలికల ప్రపంచ కప్పులో భారత జట్టుకు నాయకత్వం వహించిన అస్తం ఓరావ్ ఆ రాష్ట్రంలోని గుమ్లా జిల్లా పల్లెటూరి బిడ్డ. గెలిచిన జట్టుకు మేకపోతును బహుమతిగా ఇచ్చే పోటీలు ఆ ప్రాంతంలో ఊరూరా జరుగుతాయి. పేదరికంలో ఆ పల్లెలు మన పల్లెలకు తీసిపోవు.

మన బలం, మన లోపం

మన జిల్లాలో ఆట లేదని చెప్పడానికి వీల్లేదు. ఆర్.డి.టి. సంస్థ ఏళ్ల తరబడి పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతూ, లీగ్ పోటీలు జరుపుతూ వచ్చింది. మన పిల్లలకు పరుగు ఉంది, ఎండకు తట్టుకునే ఓర్పు ఉంది. అనుభవం లేని జట్టు ఎదురైతే నెగ్గడానికి ఇవి చాలు.

అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది. సాధారణంగా గ్రూపులో మొదటి స్థానం దక్కిన జట్టే క్వార్టర్ ఫైనల్‌కు వెళుతుంది. గ్రూపులో నాలుగు జట్లుంటే ఆడేవి మూడు ఆటలే. మొదటి ఆటలో ఓడితే ఆశ సగం పోయినట్లే. పాయింట్లు సమానమైతే గోల్స్ లెక్క చూస్తారు గనుక బలహీనమైన జట్టు మీద ఒక గోల్‌తో తృప్తి పడరాదు.

మైదానం సంగతి కూడా ఉంది. మన ఎర్రమట్టి గట్టి నేల మీద బంతి ఎత్తుగా లేస్తుంది. అందువల్ల బలంగా దూరం తన్నడం పిల్లలకు అలవాటవుతుంది. పచ్చిక మీద బంతి అంతగా లేవదు. అక్కడ ఎత్తుగా తన్నిన బంతి ఎదుటివారికే అందుతుంది. ఉత్తకాళ్లతో ఆడనివ్వరు. ప్రయాణానికి ముందురోజు కొన్న బూట్లు పాదాలను బొబ్బలెక్కిస్తాయి. కనీసం నెల రోజుల ముందే బూట్లు కొనిచ్చి, వాటితోనే ఆడించడం అవసరం.

వయసు విషయంలో ఎంతమాత్రం ఏమరరాదు. వయసు మించినవారు ఉన్నారని వైద్య పరీక్షల్లో తేలి, జట్లనే పక్కన పెట్టిన సందర్భాలు గతంలో ఉన్నాయి. గెలుపు కోసం ఒక పెద్ద పిల్లవాడిని చేర్చితే మిగిలిన వారందరి శ్రమా వృథా అవుతుంది.

చేయవలసింది ఏమిటి?

మిజోరాం, కేరళ, జార్ఖండ్ పిల్లలకు ఉన్నదీ మనకు కొరవడినదీ ఒక్కటే. అది చిన్ననాటి నుండి ఆడిన మ్యాచ్‌ల సంఖ్య. తొమ్మిదో తరగతిలో జట్టు కట్టి, పోటీలకు పది రోజుల ముందు సాధన మొదలుపెడితే ఆ లోటు తీరదు. ఆరో తరగతి నుండే పక్క ఊరి బడితో నెలకు రెండు మ్యాచ్‌లు ఆడించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. జాతరలలో బండలాగుడు పందేలకు వేలకు వేలు చందాలు వేసుకునే ఊళ్లు, పిల్లల ఫుట్‌బాల్‌కు ఒక బహుమతి పెట్టలేవా?

ఇది సరదా కోసం అనుకుంటే పొరపాటు. రాష్ట్ర ప్రభుత్వం 2024లో తెచ్చిన క్రీడా విధానంలో ఉద్యోగాలలో క్రీడాకారుల కోటాను 2 నుండి 3 శాతానికి పెంచింది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య 2024-25కు దేశపు ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికయింది. ఒకప్పుడు హైదరాబాద్‌కు చెందిన రహీమ్ శిక్షణలో భారత జట్టు 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962 ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది మాత్రం 1965-66లోనే. మళ్లీ ఆ కప్పు రాలేదు.

ఇప్పటి పరిస్థితిలో మన హైస్కూలు జట్టు గ్రూపులో ఒకటి రెండు ఆటలు గెలవగలదు. క్వార్టర్ ఫైనల్ చేరితే అది ఘనవిజయమే. కప్పు తెచ్చే జట్టు మాత్రం నేడు ఆరో తరగతి చదివే పిల్లల నుండి రావాలి. వారికి ఈ సాయంత్రం ఆడడానికి బంతి, ఎదుట మరొక జట్టు ఉన్నాయా లేవా అన్నది ఊరి పెద్దలు, డ్రిల్లు మాస్టార్లు చూడవలసిన విషయం.